కండయు, కొవ్వును

త్రాసునకు బరువు తెలియునే గాని వస్తువు తెలియదు. పది కిలోగ్రాముల ఇనుమును, పది కిలోగ్రాముల దూదియు దానికి సమానములే. మనుష్యుడు కాటాపై నిలిచినప్పుడును ఇదియే జరుగుచున్నది. ముల్లు 60 దగ్గఱ ఆగినచో ఆ మనుష్యుని బరువు 60 కిలోగ్రాములని తెలియును. అందులో ఎముక యెంత, కండ యెంత, నీరెంత, కొవ్వెంత అను ప్రశ్నలకు కాటా బదులు చెప్పజాలదు. అయినను లోకులు ఆ ముల్లునే నమ్మి, అది కొంచెము దిగినచో సంతోషించుచు, కొంచెము ఎక్కినచో దిగులుపడుచు నుందురు. ఆరోగ్యమునకు గాని, బలమునకు గాని ముఖ్యమైనది మొత్తము బరువు కాదు. ఆ బరువు దేనితో ఏర్పడినదను విషయమే ముఖ్యము. దీనినే శరీరపు కూర్పు అందురు.

మన ప్రాచీన వైద్యులు ఈ భేదమును గుర్తెఱిగియే యుండిరి. శరీరమును నిలుపు ధాతువులు ఏడని ఆయుర్వేదము చెప్పి, వానిలో మాంసమును, మేదస్సును వేర్వేరుగా లెక్కించినది. మిక్కిలి లావును, మిక్కిలి సన్నదనమును గూడ చరకసంహిత మేలుకాని దేహస్థితులలోనే చేర్చినది. సన్నని వారందఱు ఆరోగ్యవంతులనియు, బరువైన వారందఱు రోగులనియు భావించుట నాటి వైద్యులకును సమ్మతము కాదు.

అయితే బ్రదికియున్న మనుష్యుని శరీరములో కొవ్వెంత యున్నదో కొలుచుట యెట్లు? ఈ ప్రశ్నకు త్రోవ చూపినవాడు క్రీస్తుపూర్వము 3వ శతాబ్దమున సిరక్యూసు నగరమున నివసించిన ఆర్కిమెడీసు. నీట మునిగిన వస్తువు, తాను తొలగించిన నీటి బరువంత తేలికయగునని అతడు నిరూపించెను. కొవ్వు నీటికంటె తేలిక. చల్ల చిలికినప్పుడు వెన్న పైకి తేలుట అందఱును చూచినదే. కండయు, ఎముకయు నీటికంటె బరువు. ఒక ఘన సెంటీమీటరు కొవ్వు సుమారు 0.9 గ్రాములు తూగును. కొవ్వు తీసివేయగా మిగిలిన దేహము అంతే పరిమాణమునకు సుమారు 1.1 గ్రాములు తూగును. కావున మనుష్యుని ఒకసారి గాలిలోను, ఒకసారి నీటిలో పూర్తిగా ముంచియు తూచి, ఊపిరితిత్తులలో మిగిలిన గాలిని లెక్కలోనికి తీసికొన్నచో, అతని దేహములో కొవ్వు పాలెంతయో గణితము వలన తేలును.

అమెరికా నౌకాదళ వైద్యుడగు ఆల్బర్ట్ బెంకీ తన సహచరునితో గూడి ఈ పద్ధతిని ఉపయోగించి, 1942లో ఒక విచిత్రమైన విషయమును ప్రకటించెను. వారు పరీక్షించినది అమెరికా ఫుట్‌బాల్ ఆటను వృత్తిగా స్వీకరించిన 25 మంది ఆటగాండ్రను. ఆనాటి ఎత్తు బరువుల పట్టికల ననుసరించి చూడగా, వారిలో 17 మంది మితిమీఱిన బరువు వలన సైన్యమునకు పనికిరానివారు! నీటిలో తూచి చూడగా వారి అధికమైన బరువు కొవ్వు కాదు, కండయని తేలెను. దేశములో మిక్కిలి దృఢమైన దేహములు కలవారిని పట్టిక రోగుల జాబితాలో చేర్చినది. దోషము దేహములది కాదు, కొలమానముది.

దీనికి సరిగా ఎదురైన ఉదాహరణము మన దేశము నుండి వచ్చినది. ఎత్తునకు తగిన బరువును తెలిసికొనుటకు నేడు ఒక సూచికను వాడుచున్నారు. కిలోగ్రాములలోని బరువును, మీటర్లలోని ఎత్తు యొక్క వర్గముతో భాగింపగా వచ్చు సంఖ్యయే ఆ సూచిక. పుణె నగరమందలి కె.ఇ.ఎం. ఆసుపత్రి వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండను వైద్యుడు జాన్ యుడ్కిన్ అను నిరువురు 2004లో తమ ఛాయాచిత్రమును లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటించిరి. ఇరువురి సూచికయు 22.3 మాత్రమే. కాటాయు, కొలబద్దయు వారిని సమానులుగా ఎంచినవి. కాని కొవ్వును కొలిచి చూడగా యుడ్కిన్ దేహములో అది 9.1 శాతము, యాజ్ఞిక్ దేహములో 21.2 శాతము!

ఇది ఒక్క మనుష్యుని సంగతి కాదు. భారతీయులలో చాలమంది చూచుటకు సన్నగానే యుందురు. చేతులు, కాళ్లు బక్కపలుచగా నుండును. కాని కండ తక్కువగాను, నడుము చుట్టును ఉదరములోను కొవ్వు ఎక్కువగాను ఉండును. అప్పుడే పుట్టిన శిశువులలో సైతము, బరువు తక్కువైనను కొవ్వు అంతగా తక్కువ కాకుండుటను పుణె పరిశోధకులు గమనించిరి. ఈ కారణముననే మన దేశపు వైద్యులు పెద్దవారి సూచిక 23 చేరినప్పుడే జాగ్రత్త పడవలెనని హెచ్చరించుచున్నారు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యమున జరిగి 2023లో ప్రకటింపబడిన పరిశోధన ప్రకారము మన దేశమున మధుమేహము కలవారు సుమారు 10.1 కోట్లమంది. కావున కండ, కొవ్వుల లెక్క మల్లులకు మాత్రమే సంబంధించినది కాదు. ప్రతి గృహమునకును సంబంధించినది.

ఇంతమాత్రమున కొవ్వు శత్రువని తలపరాదు. అది శరీరమునకు కొట్టువంటిది. పిండిపదార్థము గాని, మాంసకృత్తు గాని గ్రామునకు సుమారు 4 కెలొరీల శక్తినియ్యగా, కొవ్వు 9 కెలొరీలనిచ్చును. పంట లేని నాటికై రైతు గాదెలో ధాన్యము దాచినట్లు, ఆహారము లభింపని దినములకై శరీరము కొవ్వును దాచును. మూత్రపిండముల చుట్టును, అరికాలి మడమయందును అది మెత్తవలె నుండి దెబ్బలనుండి కాపాడును. చర్మము క్రింద నుండి చలిని వారించును. స్త్రీల దేహములో పురుషులకంటె కొవ్వు కొంత ఎక్కువగా నుండుట ప్రకృతిసిద్ధము. వారి ఆరోగ్యమునకు అది అవసరము. చిక్కెల్ల కొవ్వు మితిమీఱినప్పుడును, ముఖ్యముగా అది ఉదరములోని అవయవముల చుట్టు చేరినప్పుడును వచ్చును.

కండయన్ననో శరీరమునకు పనివాడు. ఎముకలను కదలించు కండరములు మానవదేహములో 600కు పైగా గలవు. నడచుటకు, ఎత్తుటకు, నిలుచుటకు, ఊపిరి పీల్చుటకు గూడ అవియే ఆధారము. వానికి మఱియొక పని గలదు. భోజనము చేసిన పిదప రక్తములో చేరిన చక్కెరలో అధికభాగమును లోనికి తీసికొని దాచుకొనునవి ఈ కండరములే. అవి క్షీణించినను, పని లేక సోమరులైనను చక్కెర రక్తమునందే నిలిచిపోవును. కండకును మధుమేహమునకును గల సంబంధమిది. బరువులెత్తునప్పుడు కండ ఎముకను లాగుటచే ఎముకయు గట్టిపడును.

శరీరపు కూర్పును బాగుచేయుటకు మార్గములు రెండు: ఉన్న కొవ్వును తగ్గించుట యొకటి, లేని కండను పెంచుట మఱియొకటి. మొదటి దానిని పరిశీలింతము. శరీరము ఖర్చుచేయు శక్తికంటె ఆహారము వలన వచ్చు శక్తి తక్కువైనప్పుడు, దాచిన కొవ్వు కరగును. ఒక కిలోగ్రాము దేహపు కొవ్వులో సుమారు 7,700 కెలొరీల శక్తి యుండును. దినమునకు 500 కెలొరీలు తక్కువ తినినచో, లెక్క ప్రకారము ఒక కిలోగ్రాము కరగుటకు సుమారు 15 దినములు పట్టును. వారము దినములలో ఐదు కిలోగ్రాములు తగ్గింతుమని చెప్పు ప్రకటనలను ఈ చిన్న లెక్కతో సరిచూడవచ్చును. అంత వేగముగా పోవునది అధికముగా నీరు, దానితోపాటు కండ.

ఆకలితో మాడునప్పుడు కొవ్వొక్కటియే కరగునని తలచుట పొరపాటు. 1944 నవంబరు నుండి 1945 డిసెంబరు వఱకు అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు ఒక ప్రయోగము నడపెను. యుద్ధమువలన ఆకలిపాలైన ప్రజలకు తిరిగి తిండిపెట్టుట యెట్లో తెలిసికొనుట అతని ఉద్దేశము. ఆయుధము పట్టుటకు మనస్సాక్షి ఒప్పని 36 మంది యువకులు స్వచ్ఛందముగా ముందుకు వచ్చిరి. 24 వారముల పాటు వారికి అర్ధాహారము మాత్రమే పెట్టిరి. వారు తమ బరువులో సుమారు నాల్గవవంతు కోల్పోయిరి. కొవ్వు కరగినది నిజమే, కండయు కరగినది. బలము సన్నగిల్లెను, వేసవిలోను చలి వేసెను, మనస్సునకు తిండి తప్ప వేఱు తలంపు లేకపోయెను. మఱల కడుపునిండ భోజనము పెట్టగా, తొందరగా తిరిగివచ్చినది కొవ్వు. తడవుచేసి వచ్చినది కండ. కొందఱి దేహములలో కొవ్వు మునుపటికంటె ఎక్కువయ్యెను. పస్తులుండి సన్నబడి, పిదప మునుపటికంటె లావెక్కి చింతించువారి కథ యంతయు ఈ ప్రయోగములోనే యున్నది.

ఇక రెండవ మార్గము. ప్రాచీన గ్రీకుల కథయొకటి కలదు. మైలో అను మల్లుడు చిన్న దూడను ప్రతిదినము భుజములపై మోయుచుండెనట. దూడ పెరిగినకొలది అతని బలమును పెరిగి, తుదకు పెద్ద యెద్దునే మోయగలిగెనట. కథలోని అతిశయోక్తిని విడిచినను, అందలి సూత్రము సత్యము: బరువు క్రమక్రమముగా పెరుగవలెను. 1945లో థామస్ డిలోర్మ్ అను అమెరికా సైనికవైద్యుడు ఈ సూత్రమును ఆసుపత్రిలో ఆచరణకు తెచ్చెను. మోకాలు దెబ్బతినిన సైనికులచే ఆయన కొలిచిన బరువులను ఎత్తించి, వారము వారము ఆ బరువును పెంచెను. అంతకు మునుపు వైద్యులు అట్టి రోగులకు తేలికపాటి కదలికలనే చెప్పుచుండిరి. బరువులెత్తిన సైనికులు శీఘ్రముగా కోలుకొని లేచి నడచిరి.

పనిచేయునప్పుడు కండ పెరుగదు. పనిచేసిన పిదప విశ్రాంతిలో పెరుగును. అలవాటునకు మించిన భారము పడినప్పుడు కండపోగులు ఒత్తిడికి లోనగును. ఆ పిదప ఆహారములోని మాంసకృత్తులను గైకొని, నిద్రలోను విశ్రాంతిలోను ఆ పోగులు మునుపటికంటె లావగును. కావున వ్యాయామము, ఆహారము, నిద్ర అను మూడును ముక్కాలిపీటకు మూడు కాళ్లవంటివి. ఏ ఒకటి లోపించినను పీట నిలువదు. మొదటి కొన్ని వారములలో బలము పెరిగినను కండ కంటికి కనబడదు. అప్పుడు పని నేర్చుచున్నవి నరములు. ఈ సంగతి తెలియక నెలదినములలోనే విసిగి వ్యాయామమును మానువారు పెక్కురు.

తెలుగునేలకు ఈ విద్య క్రొత్త కాదు. పూర్వము ఊరూర తాలింఖానాలుండెడివి. దండీలు, బస్కీలు తీయుట, గదలు త్రిప్పుట, కుస్తీ పట్టుట యువకులకు నిత్యకృత్యములు. వీరఘట్టమున జన్మించి విజయనగరమున వ్యాయామవిద్యను బోధించిన కోడి రామమూర్తినాయుడు తన సర్కసులో ఇనుపగొలుసులను త్రెంచియు, ఏనుగును ఱొమ్ముపై ఎక్కించుకొనియు దేశమును ఆశ్చర్యపఱచెను. 1942లో ఆయన కీర్తిశేషుడయ్యెను. ఆ బలము ఏ చూర్ణము వలనను వచ్చినది కాదు. బాల్యమునుండి తప్పక చేసిన సాధన వలన వచ్చినది.

ఈ రెండు మార్గములలో ఏది మేలు? దీనిని గణితముతో చూతము. 70 కిలోగ్రాముల మనుష్యుని దేహములో 21 కిలోగ్రాముల కొవ్వున్నచో అది 30 శాతము. అతడు వ్యాయామము లేక పస్తులుండి 5 కిలోగ్రాములు తగ్గెననుకొనుడు. అందులో 3 కొవ్వు, 2 కండ అయినచో, మిగిలిన 65 కిలోగ్రాములలో కొవ్వు 18, అనగా 27.7 శాతము. మఱియొకడు అదే స్థితిలో నుండి, మితముగా తిని, వ్యాయామము చేసి, 3 కిలోగ్రాముల కొవ్వును పోగొట్టుకొని, 3 కిలోగ్రాముల కండను సంపాదించెననుకొనుడు. అతని బరువు 70 గానే యుండును. కాటా అతనిని చూచి నీవేమియు సాధింపలేదనును. కాని అతని కొవ్వు 25.7 శాతమునకు దిగినది!

ఇప్పుడు సన్నని వాని సంగతి చూతము. 50 కిలోగ్రాముల వాని దేహములో 14 కిలోగ్రాముల కొవ్వున్నచో అది 28 శాతము. అతడు పస్తులుండి 2 కిలోగ్రాముల కొవ్వును, 2 కిలోగ్రాముల కండను పోగొట్టుకొన్నచో కొవ్వు 26.1 శాతమగును. అట్లుగాక 4 కిలోగ్రాముల కండను పెంచుకొన్నచో 25.9 శాతమగును. శాతములు ఇంచుమించుగ సమానములే. మనుష్యులు సమానులు కారు. ఒకడు నీరసించి కూర్చుండును. వేఱొకడు వానికంటె 6 కిలోగ్రాముల కండ ఎక్కువ కలిగి బస్తా మోయగలడు. కావున మిక్కిలి కొవ్వు చేరినవాడు మొదట కొవ్వును తగ్గించుకొనుట మేలు. అయినను కండను కాపాడుకొనుటకై వ్యాయామము చేయుచునే తగ్గించుకొనవలెను. సన్నగా నుండియు బొజ్జ కలవాడు తిండి మానరాదు, కండను పెంచవలెను.

రెండును ఒకేసారి సాధ్యములా? సాధ్యములే యని కెనడా దేశమందలి మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయము వారు 2016లో ప్రకటించిన ప్రయోగము తెలుపుచున్నది. బరువెక్కిన 40 మంది యువకులకు 4 వారములు అవసరమునకంటె 40 శాతము తక్కువ శక్తిగల ఆహారము నిచ్చి, వారానికి 6 దినములు కఠినమైన వ్యాయామము చేయించిరి. మాంసకృత్తులు అధికముగా తినిన వర్గము వారు సగటున 4.8 కిలోగ్రాముల కొవ్వును కోల్పోయి, 1.2 కిలోగ్రాముల కండను సంపాదించిరి. అవి తక్కువగా తినిన రెండవ వర్గము వారికి కొవ్వు 3.5 కిలోగ్రాములు తగ్గినది. కండ పెరుగకపోయినను తఱుగలేదు. ఒక్కసారి మిన్నెసోటా యువకులను తలచుకొన్నచో, ఆకలికి వ్యాయామము తోడైనప్పుడు ఎంత భేదము కలిగినదో తెలియగలదు. ఇది పరిశోధకుల పర్యవేక్షణలో పెద్దవారిపై జరిగిన ప్రయోగము. బాలురు అనుకరింపదగినది కాదు.

ఈ విషయమున లోకమున వ్యాపించిన భ్రమలు కొన్ని కలవు. వ్యాయామము మానినచో కండ కొవ్వుగా మాఱుననుట అందొకటి. కండ వేఱు, కొవ్వు వేఱు. ఒకటి రెండవదిగా మాఱదు. కండ క్షీణించును, కొవ్వు చేరును. చూచువారికి మాఱినట్లు తోచును. పొట్టను వంచి లేపినచో పొట్టమీది కొవ్వే కరగుననుట రెండవ భ్రమ. శరీరము కొవ్వును తన యిష్టము వచ్చిన చోటనుండి తీసికొనును. కండ పెరిగినచో కూర్చుండగనే కొవ్వు కరగిపోవుననుట మూడవది. విశ్రాంతిలోనున్న ఒక కిలోగ్రాము కండ దినమునకు సుమారు 13 కెలొరీలనే ఖర్చుచేయును. కండ మేలు చేయునది కూర్చుండుటచే కాదు, పనిచేయుటచే.

ఆహారము విషయమున దూరము పోనక్కఱలేదు. 1918లో కూనూరున ప్రారంభమై, తరువాత హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఈ లెక్కలను కట్టినది. పెద్దవారికి దినమునకు ప్రతి కిలోగ్రాము బరువునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలునని దాని నిర్ణయము. 60 కిలోగ్రాముల వానికి ఇది సుమారు 50 గ్రాములు. నూఱు గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు, అంతే వేరుసెనగలలో సుమారు 25 గ్రాములు, ఒక కోడిగ్రుడ్డులో సుమారు 6 గ్రాములు మాంసకృత్తులుండును. మన విస్తళ్లలో అన్నము కొండయై, పప్పు గుంటలో నీరై యుండుట దోషము. అన్నము కొంత తగ్గి, పప్పు, పెరుగు, కూర పెరిగినచో సగము పని నెఱవేఱును. కండను పెంచుటకై డబ్బాలలో అమ్ము చూర్ణములను వాడవద్దని ఆ సంస్థ 2024లో వెలువరించిన ఆహార నియమావళిలో హెచ్చరించినది.

ఎదుగు వయస్సున నున్న బాలబాలికలకు ఒక్క మాట ముఖ్యము. పదమూడు, పదునాలుగేండ్ల వయస్సున ఎముకలు పొడవగుచుండును; బరువు పెరుగుట సహజము, అవసరము. ఆ వయస్సున పస్తులుండుట కట్టుచున్న ఇంటికి ఇటుకలందింపకుండుట వంటిది. సన్నబడవలెనని ఉదయాహారము మాను బాలిక గాని, పటములలోని దేహములను చూచి చూర్ణములు కొను బాలుడు గాని తమ ఎదుగుదలనే దొంగిలించుకొనుచున్నారు. పరుగు, ఈత, కబడ్డీ, దండీలు, కడుపునకు తగిన ఇంటి భోజనము, రాత్రి నిండునిద్ర. ఈ వయస్సునకు ఇంతకంటె వేఱు మందు లేదు. బరువు నిజముగా మితిమీఱినదను శంక కలిగినచో వైద్యుని అడుగవలెనే గాని తోటివారి ఎగతాళిని ప్రమాణముగా తీసికొనరాదు.

శ్రీకాకుళము జిల్లాలోని ఊసవానిపేట యను చిన్న గ్రామపు బాలిక కరణం మల్లేశ్వరి. ఆమె 1994, 1995 సంవత్సరములలో 54 కిలోగ్రాముల తరగతిలో ప్రపంచ విజేతగా నిలిచెను. 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 69 కిలోగ్రాముల తరగతిలో పోటీచేసి, ఒక పద్ధతిలో 110, రెండవ పద్ధతిలో 130, మొత్తము 240 కిలోగ్రాములనెత్తి కాంస్యపతకమును గైకొనెను. ఒలింపిక్ పతకమును పొందిన మొదటి భారతీయ మహిళ ఆమెయే. సన్నగా నుండుటయే ఆమె లక్ష్యమై యుండినచో, బరువు పెరిగినందులకు విచారించి యుండవలసినది. ఆ తరగతిలో ఎవరి బరువును 69 మించరాదు. గెలుపోటములను నిర్ణయించినది ఆ బరువులో నిండిన బలము.

కావున కాటా ముల్లు చెప్పు సంఖ్యను గూర్చి చింతింపనక్కఱలేదు. నూతినుండి నిండుబిందెను తోడి తెచ్చుటకు ఆయాసము లేకున్నదా? మేడమెట్లు ఆగకుండ ఎక్కగలుగుచున్నారా? ఏడాది క్రిందటి కంటె నడుము కొలత హద్దులో నున్నదా? కండయు, కొవ్వును తమ తమ స్థానములలో నున్నవో లేవో ఈ ప్రశ్నలే చెప్పగలవు.